హెల్మెట్ లోపల లైటెందుకు నాయనా?

నైట్ సర్వీసు బస్సెక్కిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఊరు దాటగానే డ్రైవరు లోపలి లైట్లు ఆర్పేస్తాడు. ముందు సీటు పెద్దమనిషి ఎవరైనా పేపరు చదువుకోవాలి, లైటు వేయవయ్యా అంటే, "రోడ్డు కనపడదండీ, అద్దంలో మన మొహాలే కనపడతాయి" అంటాడు. ఈ జ్ఞానం కోసం ఆయన ఏ విశ్వవిద్యాలయానికీ ఫీజు కట్టలేదు. అరవై ఏళ్ళకు పైగా జనాన్ని అంతరిక్షంలోకి పంపుతున్న బీబీసీ వారికి మాత్రం ఇది ఇంకా అందినట్టు లేదు.

వాళ్ళ 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్లో 2006లో ఒక కథ వచ్చింది. డాక్టర్ అంటే మందులిచ్చేవాడు కాదు, కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే వేరే గ్రహంవాడు, అదే హీరో. నటుడు మారినప్పుడల్లా ఒళ్ళు మార్చుకుంటాడు. కృష్ణబిలం చుట్టూ తిరిగే గ్రహం. అక్కడ పది మైళ్ళ లోతు గొయ్యి. చీకటంటే మామూలు చీకటి కాదు, కాటుక. అందులోకి డాక్టర్ దిగుతున్నాడు. ఒంటికి నారింజ రంగు స్పేస్‌సూటు, తలకి హెల్మెట్. ఆ హెల్మెట్‌కి లైట్లున్నాయి, శుభం. అయితే అవి లోపలున్నాయి. గోతికేసి కాదు, ఆయన మొహంకేసి చూస్తున్నాయి. చీకట్లో దారి వెతకడానికి టార్చి తెచ్చుకుని, దాన్ని తన కళ్ళలోకే కొట్టుకుంటూ నడిచేవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో రాస్తే ఎడిటరుగారు కొట్టేస్తారు.

ఈ మాట మా మేనల్లుడితో అన్నాను. "పోనీ మావయ్యా, పాపం వాళ్ళకి బడ్జెట్ లేదు కదా" అన్నాడు.

నాకు అక్కడ కాలింది. బడ్జెట్ లేనివాడు గుడ్డ తగ్గిస్తాడు, జేబులు తగ్గిస్తాడు, బూట్లకి పాతవాటినే రంగేసి తొడుగుతాడు. లైటు పెట్టించడు! లైటంటే బల్బు కావాలి, తీగ కావాలి, బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీ దాచడానికి వీపు మీద చోటు కావాలి. ఇది పేదరికం కాదు, పని గట్టుకుని ఖర్చు పెట్టి కొనుక్కున్న తెలివితక్కువతనం. అసలు కారణం అందరికీ తెలుసు. హీరో మొహం కనపడాలి. ఆ రోగం మనకి మాత్రం లేదా? మన హీరోగారు బైకెక్కితే హెల్మెట్ అద్దం ఎప్పుడూ పైకెత్తే ఉంటుంది. కాకపోతే మనవాళ్ళు దాన్ని సైన్సు అని చెప్పుకోలేదు. నిజంగా అంతరిక్షంలో నడిచే నాసా వాళ్ళ హెల్మెట్‌కి లైట్లు బయట, అటూ ఇటూ ఉంటాయి, పని చేసే చేతులకేసి చూస్తాయి. మొహం కనపడ్డం సంగతి అటుంచండి, ఎండ తగలకుండా బంగారు పూత పూసిన అద్దం ఒకటి దించుకుంటారు. మొహం కనపడని ఉద్యోగం మరి.

ఆ నారింజ సూటు మాత్రం తర్వాత బాగా కష్టపడింది. అన్నదమ్ములంతా మార్చి మార్చి తొడుక్కునే పెళ్ళి సూటులా 2009లో అంగారకుడి మీద, 2014లో చంద్రుడి మీద మళ్ళీ కనపడింది. అందుకు నేను నవ్వను. ఉన్నదాన్ని ఉతికి వాడుకున్నవాణ్ణి వెక్కిరించే అలవాటు మా ఇంటా వంటా లేదు.

నిజంగా చేతిలో డబ్బు ఆడనివాళ్ళు ఎలా ఆలోచిస్తారో తెలియాలంటే ఇదే బీబీసీని ఇంకాస్త వెనక్కి తిప్పాలి. 1966లో ఇదే సీరియల్లో సైబర్‌మెన్ అనే సగం మనిషి, సగం యంత్రం విలన్లు మొదటిసారి వచ్చారు. మొహానికి గుడ్డ, చేతులకేమో మామూలు మనుషుల చేతులే, గుండె మీద ఓ పెట్టె, నెత్తిన పెద్ద దీపం. గమనించండి, దీపం బయట ఉంది! ఆ దుస్తులు రూపొందించిన శాండ్రా రీడ్ అనే ఆవిడకి 1966లో తెలిసిన విషయం నలభై ఏళ్ళ తర్వాత మరిచిపోయారు. మరుసటేడు అదే సైబర్‌మెన్ చంద్రుడి మీదికొచ్చేసరికి కీళ్ళ దగ్గర ప్రాక్టీసుకి వాడే ప్లాస్టిక్ గోల్ఫ్ బంతులు అమర్చారు. 1975లో వచ్చిన కథలో ఒకాయన పురుగుగా మారిపోతుంటే, జేబులో దాచుకున్న చెయ్యి బయటికి తీస్తాడు, చెయ్యంతా ఆకుపచ్చ రంగు కొట్టిన బబుల్ ర్యాప్. ఇవాళైతే చూసిన ప్రతివాడికీ ఆ బుడగలు టప్ టప్ మని నొక్కాలని వేళ్ళు లాగుతాయి. ఆ రోజుల్లో ఇంగ్లండు ఇళ్ళల్లో ఆ వస్తువు అంతగా తెలియదు, పిల్లలు సోఫా వెనక్కి పరిగెత్తారు. బీబీసీ స్టూడియోలో రాత్రి పది కొట్టేసరికి షూటింగ్ ఆపెయ్యాలి, లైట్లు ఆరిపోతాయి. ఆ సూట్లు కుట్టింది శూన్యాన్ని తట్టుకోవడానికి కాదు, రాత్రి పదింటి గడువుని తట్టుకోవడానికి. ఆ పరీక్షలో నెగ్గాయి.

ఇక నాకు ప్రాణమైన దృశ్యం దగ్గరికి వస్తాను. 1982 జనవరి. 'ఫోర్ టు డూమ్స్‌డే' అనే కథ. డాక్టర్‌గా పీటర్ డేవిసన్. ఈయన వేషమే క్రికెట్ ఆటగాడి వేషం, పైగా కోటుకి ఒక సెలరీ కాడ గుచ్చుకుని తిరుగుతాడు. మన దగ్గరైతే కొత్తిమీర కట్ట అనుకోండి. ఆయన ఒక అంతరిక్ష ఓడలో ఉన్నాడు. ఆయన ప్రయాణాలు చేసే టార్డిస్ అనే నీలం పెట్టె ఆ ఓడ బయట అంతరిక్షంలో తేలుతోంది. దాన్ని చేరుకోవాలి. ఏం తొడుక్కుని వెళ్ళాడు? తలకి హెల్మెట్. అంతే. మెడ కింద నుంచి అవే క్రికెట్ బట్టలు!

మధ్యలో ఎటూ కదల్లేక తేలిపోతుంటే క్రికెట్ బంతి తీశాడు. ఓడ గోడకేసి విసిరాడు. అది తగిలి తిరిగొచ్చింది. పట్టుకున్నాడు. ఆ తోపుకి పెట్టె వైపు సాగిపోయాడు.

నవ్వకండి, లెక్క వేశాను. బంతి సుమారు 160 గ్రాములు. మనిషి 75 కిలోలనుకుందాం. సెకనుకి 20 మీటర్ల చొప్పున విసిరితే ఆ విసురుకే సెకనుకి నాలుగు సెంటీమీటర్ల పైన వెనక్కి కదులుతాడు. బంతి సగం వేగంతో తిరిగొచ్చినా, పట్టుకుంటే ఇంకో రెండు. వెరసి ఆరు. అంటే పది మీటర్ల దూరానికి రెండున్నర నిమిషాలకి పైనే. న్యూటన్‌గారికి ఏ అభ్యంతరమూ ఉండదు, నూటికి నూరు మార్కులు. క్యాచ్ కూడా శుభ్రమైన క్యాచ్. అభ్యంతరం పెట్టాల్సింది దర్జీవాడు. 1966లో హ్యూస్టన్‌లో శూన్యం గదిలో పరీక్ష జరుగుతుండగా జిమ్ లెబ్లాంక్ అనే ఆయన సూటు గొట్టం ఊడిపోయింది. 14 సెకన్లలో స్పృహ తప్పింది. ఆఖరికి గుర్తున్నది నాలుక మీద లాలాజలం సలసలా మరగడం అన్నాడు. మన డాక్టరేమో రెండున్నర నిమిషాలు నూలు ప్యాంటుతో ఫీల్డింగ్ చేస్తున్నాడు.

"ఆయన మనిషి కాదు మావయ్యా, రెండు గుండెలుంటాయి" అన్నాడు మేనల్లుడు.

రెండు గుండెలకి ఒక ప్యాంటు సరిపోతుందని ఏ శాస్త్రంలో రాశారు? అన్నట్టు ఆ సెలరీ కాడ సంగతి? దానికి ఎన్ని గుండెలు?

అయినా ఆ దృశ్యం నేను పదిసార్లు చూశాను, ఇంకో పదిసార్లు చూస్తాను. సూటుకి డబ్బు లేకపోతే బంతితో కథ నడిపారు. వాళ్ళకి లేనిది గుడ్డ, బుర్ర కాదు.

నా కడుపు మండేది వేరే చోట. ఆ "బడ్జెట్ లేదు కదా" అన్న మాటనే బీబీసీ ఇంకోచోట వాడింది. వీడియో టేపు ఖరీదైనది, మళ్ళీ వాడుకోవచ్చు అని 60ల్లో, 70ల్లో తీసిన కార్యక్రమాలు చెరిపేశారు. 'డాక్టర్ హూ' పాత ఎపిసోడ్లు 90కి పైగా ఇప్పటికీ దొరకలేదు. గోల్ఫ్ బంతుల సైబర్‌మెన్ వచ్చిన చంద్రుడి కథలో నాలుగు భాగాలకి రెండు లేవు. గుడ్డ మొహాలవాళ్ళు వచ్చిన కథలో ఆఖరి భాగం లేదు, మొదటి డాక్టర్ రెండో డాక్టరుగా మారింది ఆ భాగంలోనే! కట్టు కథలు పోనివ్వండి. 1969లో నిజంగా మనుషులు చంద్రుడి మీద దిగిన రాత్రి తమ స్టూడియో నుంచి తామే చేసిన ప్రసారం కూడా దాచుకోలేదు. ఆ రాత్రిని పారేశారు. దాని పైన ఏ గుర్రప్పందెమో వంటల కార్యక్రమమో రికార్డు చేసుకుని ఉంటారు. సిగ్గుండాలి! రాత్రి పదికి లైట్లు ఆరేలోగా వేళ్ళు పొడుచుకుంటూ గోల్ఫ్ బంతులు కుట్టిన మనుషుల పని అది. ఎవడబ్బ సొమ్మని చెరిపారు?

పోయిన ఎపిసోడ్ల మాటలు మాత్రం ఇవాళ అన్నీ వినపడతాయి. అది బీబీసీ పుణ్యం కాదు. ఇళ్ళల్లో పిల్లలు టీవీ స్పీకరు దగ్గర మైకు పెట్టి, గదిలో ఎవరూ దగ్గకుండా కాపలా కాసి రికార్డు చేసుకున్న టేపులవి. వాళ్ళ బడ్జెట్ ఎంతో మా మేనల్లుడు చెప్పాలి.

నిన్న వాడే ఫోన్ చేశాడు. కొత్త సీరియల్ ఏదో చూస్తున్నాట్ట, స్పేస్‌సూట్లు భలే ఉన్నాయిట, ఈసారి డబ్బు బాగా పెట్టారుట.

"లైటెక్కడుంది రా?" అన్నాను.

కాసేపు పలకలేదు. "రెండున్నాయి మావయ్యా" అన్నాడు.

"ఎక్కడ?"

"...గడ్డం కింద."