మహారాజశ్రీ వారంటు గారికి

మహారాజశ్రీ జెఫర్సన్ కౌంటీ మురుగునీటి వారంటు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆచారమే గానీ, తమ కుశలం 2053 వరకు పత్రాల్లో రాసిపెట్టి ఉంది కనుక ఆ మాట విడిచిపెడుతున్నాను.

తమ పేరు మొదటిసారి విన్నప్పుడు కాస్త జడిశాను. మా వైపు వారంటు అంటే పోలీసులు పట్టుకొచ్చే కాగితం. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మాత్రం కౌంటీ, అంటే మన జిల్లా లాంటి దాని ప్రభుత్వం, అప్పు తెచ్చుకుంటూ రాసిచ్చే పత్రానికి ఆ పేరు పెట్టారు. బాండు అంటే ఓటర్ల సమ్మతి అడగవలసి వస్తుంది. వారంటు అంటే కౌంటీని నడిపే కమిషనర్లు సరేనని చేతులెత్తితే సరిపోతుంది. అదే అప్పు, అదే వడ్డీ, అవే వాయిదాలు. స్టాంపు అంటించి, సాక్షులను వెతికి, ప్రామిసరీ నోటు రాయించుకునే మా ఊరి వడ్డీ వ్యాపారికి ఇంత సుళువు మార్గం ఏనాడూ తట్టలేదు.

తమ పుట్టుకను నేను తప్పుపట్టను. శుద్ధి చేయని మురుగు కహాబా, బ్లాక్ వారియర్ నదుల్లో కలుస్తోందని జనం కోర్టుకెక్కగా, దాన్ని చక్కదిద్దుతామని 1996లో కౌంటీ ఒప్పుకుంది. తరాల తరబడి మన్నవలసిన గొట్టాల ఖర్చంతా ఒక్క ఏటి బిల్లుల్లో పిండడం అన్యాయం కనుక, ఆ బిల్లుల రాబడినే హామీగా చూపి అప్పు తెచ్చి, వాడుకునే ప్రతి తరమూ కొంత తీర్చడం సబబే.

2002, 2003లలో తమకు బుద్ధి మారింది. సుమారు 300 కోట్ల డాలర్ల అప్పును చాలావరకు స్థిరవడ్డీ నుంచి మారే వడ్డీకి తిప్పి, ఆ వడ్డీ ఎటు కదులుతుందన్న దాని మీద బ్యాంకులతో స్వాప్‌లనే ఒప్పందాలు చేయించారు. సంక్రాంతి బరిలో దీన్ని పందెం అంటారు. అక్కడ కోడి ఎవరిదో కనీసం తెలుస్తుంది. 2008లో తమకు పూచీ పడిన బీమా సంస్థల రేటింగు పడిపోయింది, ఆ మారే వడ్డీని తేల్చే వేలంలో తమను కొనే నాథుడు కరువయ్యాడు, వడ్డీ ఎగబాకింది, స్వాప్‌లు ఆదుకోలేదు.

చివరికి తమరు పేరు నిలబెట్టుకున్నారు, పోలీసులూ వచ్చారు. కౌంటీ కమిషన్ అధ్యక్షుడిగా చేసి, తరువాత అదే కౌంటీలోని బర్మింగ్‌హామ్ మేయరైన లారీ లాంగ్‌ఫర్డ్ ఈ లావాదేవీల్లో నగదు, ఖరీదైన దుస్తులు, రోలెక్స్ గడియారం లంచంగా పుచ్చుకున్నారని 2009లో 60 అభియోగాల్లో దోషిగా తేలి, 15 ఏళ్ల జైలుశిక్ష పొందారు. మురుగు గొట్టంలో పోసిన డబ్బు చేతిగడియారమై తేలడం ఏ ఇంజనీరూ ఊహించని శుద్ధి ప్రక్రియ. అదే ఏడాది జేపీ మోర్గాన్ బ్యాంకు, తప్పు ఒప్పుకోకుండానే, 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టి, కౌంటీకి 5 కోట్లు ఇచ్చి, స్వాప్‌ల రద్దుకు రావలసిన 64.7 కోట్లను వదులుకుంది.

2011 నవంబర్ 9న, 400 కోట్ల డాలర్లకు పైబడిన అప్పుతో, కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. 2013లో డెట్రాయిట్ మించిపోయేదాకా అమెరికా స్థానిక ప్రభుత్వాల్లో అంతటి దివాలా లేదు. అప్పులవాళ్లు వంద కోట్ల డాలర్లకు పైగా వదులుకున్నాక, మిగిలినది తీర్చడానికి ఎవరు దిగారయ్యా అంటే, మళ్లీ తమరే: దాదాపు 178 కోట్ల డాలర్ల కొత్త వారంట్లు, 40 ఏళ్ల గడువు, తొలి ఏళ్లలో చిన్న వాయిదాలు, పోనుపోను పెద్దవి. ఆ లెక్కన పెద్ద వాయిదాలు కట్టవలసినవారిలో చాలామంది, సంతకాలయ్యే నాటికి ఇంకా పుట్టనే లేదు.

చుట్టరికం కనుక ఒక కబురు: హైదరాబాదు మహానగర పాలక సంస్థ కూడా 2018లో తమ జాతి పత్రాలైన బాండ్లతోనే 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయలు తెచ్చుకుంది. ఓటర్లను అడిగే ఆనవాయితీ ఇక్కడ మొదటి నుంచీ లేదు కనుక, పేరు మార్చుకునే శ్రమ కూడా తప్పింది.

జవాబుకు తొందర లేదు. ఆఖరి వాయిదా ముట్టిన రశీదు వెనుక రెండు ముక్కలు రాసి పంపితే చాలు.

ఇట్లు,
దేనికీ పూచీ ఉండనని ముందే మనవి చేసుకుంటున్న
ఒక విధేయుడు