ఒక్క పతకంతో ఫానీ డ్యూరాక్‌ను కొలవొద్దు

ఒలింపిక్ రికార్డుల్లో ఫానీ డ్యూరాక్ పేరు పక్కన ఒకే ఒక్క పతకం కనిపిస్తుంది. 1912 స్టాక్‌హోమ్, మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్, స్వర్ణం. అది చూసి ఒకసారి మెరిసి మాయమైన స్విమ్మర్ అనుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఎన్ని గెలిచిందో లెక్కపెట్టే ముందు, అసలు ఆమెను ఎన్ని పోటీల్లో దిగనిచ్చారో చూడాలి.

1889లో సిడ్నీలో పుట్టిన ఫానీ, కూజీ తీరంలోని కొలనులో ఈత నేర్చుకుంది. మొదట నేర్చింది బ్రెస్ట్‌స్ట్రోక్. అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు ఛాంపియన్‌షిప్ ఉన్నది అందులోనే మరి. తర్వాత చేతులు నీటిపైకి ఎత్తి, కాళ్లు కత్తెరలా ఆడించే ట్రడ్జన్‌కు, 1911 నాటికి ఇప్పటి ఫ్రీస్టైల్ ఈతకు మూలమైన ఆస్ట్రేలియన్ క్రాల్‌కు మారింది. ఇరవై దాటాక చేతులూ కాళ్లూ కదిపే తీరునే మార్చుకుని ప్రపంచాన్ని గెలవడం మామూలు విషయం కాదు.

స్టాక్‌హోమ్ వెళ్లడానికి అడ్డం పడింది సిడ్నీ ఉన్న రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్ మహిళా ఈత సంఘమే. మగవాళ్లు చూస్తుండగా ఆడవాళ్లు పోటీపడకూడదన్నది దాని నియమం. దానికి గట్టిగా నిలబడిన అధ్యక్షురాలు రోజ్ స్కాట్, మహిళల ఓటు హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఆడపిల్లల మేలు కోరినవాళ్లే, వాళ్ల గౌరవం కాపాడుతున్నామనుకుంటూ దారికి అడ్డం నిలబడ్డారు. జనంలో గొడవ రేగాక నియమం మారింది, స్కాట్ రాజీనామా చేశారు. ఖర్చులకు చందాలు పోగయ్యాయి. ఫానీ, ఆమె స్నేహితురాలు మీనా వైలీ బయల్దేరారు.

ప్రాథమిక రౌండైన హీట్స్‌లోనే ఫానీ 1 నిమిషం 19.8 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టింది. ఫైనల్లో 1 నిమిషం 22.2 సెకన్లు. 1896లో పిరేయస్ దగ్గర చల్లటి సముద్రంలో పురుషుల 100 మీటర్లు గెలిచిన హంగరీ యువకుడు ఆల్ఫ్రెడ్ హాయోష్ టైమూ సరిగ్గా ఇదే. వైలీ 1:25.4తో రెండోది.

ఇక రిలే. దానికి నలుగురు కావాలి, వీళ్లు ఇద్దరే. చెరో రెండు ల్యాప్‌లు మేమే ఈదుతామన్నారు. నిర్వాహకులు ఒప్పుకోలేదు. బ్రిటన్ 5:52.8తో గెలిచింది. 100 మీటర్ల ఫైనల్లో ఈ ఇద్దరి టైమింగ్‌లు కలిపి రెట్టింపు చేస్తే 5:35.2 వస్తుంది. అంటే అలసటకు 17 సెకన్లకు పైనే వెసులుబాటు ఉంది. ఆ స్వర్ణం వాళ్లదేనని ఖాయంగా చెప్పలేం కానీ, గట్టి పోటీ ఇచ్చేవారని మాత్రం నమ్ముతాను. నలుగురు ఉండాలన్న నిబంధనను తప్పుపట్టను. ఇద్దరిని పంపడానికే అంత రాద్ధాంతం చేసినవాళ్లదే తప్పు.

1912, 1918 మధ్య ఫానీ 12 ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లోనే యుద్ధం వల్ల 1916 బెర్లిన్ ఒలింపిక్స్ రద్దయ్యాయి. 1920లో జట్టు ఆంట్వెర్ప్‌కు బయల్దేరడానికి వారం ముందు ఆమెకు అపెండిక్స్ ఆపరేషన్, ఆపైన టైఫాయిడ్, న్యుమోనియా. 1921 జనవరిలో పోటీల నుంచి తప్పుకుంది.

ఆ తర్వాత చిన్నపిల్లలకు ఈత నేర్పుతూ గడిపింది. న్యూ సౌత్ వేల్స్ మహిళా ఈత సంఘంలో కార్యవర్గ సభ్యురాలిగా పనిచేసింది. 1945లో ఆ సంఘం ఆమెకు జీవితకాల సభ్యత్వం ఇచ్చింది.