తొమ్మిది రూపాయల కరేపాకు గురించి మెంబర్‌షిప్ గారికో ఉత్తరం

గౌరవనీయులైన కిరాణా డెలివరీ మెంబర్‌షిప్ గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి మీ ప్రీమియం కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. పులిహోర ఒక్కటే క్షేమంగా లేదు.

మొన్న ఆదివారం ఆర్డర్ 'విజయవంతంగా డెలివరీ అయింది' అని మీ యాప్‌లో ఆకుపచ్చ టిక్కు పడింది కాబట్టి మీ లెక్కలో ఆ కథ అయిపోయింది. మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. తెనాలి నుంచి మావయ్యా వాళ్ళు భోజనానికొస్తున్నారు, అమ్మ చింతపండు గుజ్జు ఉడికించి, అన్నం పళ్ళెంలో ఆరబోసి, పోపుకి మూకుడు పెట్టి "ఒరేయ్, కరేపాకు ఏదిరా" అంది. లేదు. నాకేం భయం, మెంబర్ని గదా, "పన్నెండు నిమిషాల్లో వచ్చుద్దిలేమ్మా, స్టవ్ కట్టెయ్" అన్నా చాలా ధీమాగా.

మీ దగ్గర కరేపాకు 50 గ్రాములు 9 రూపాయలు, అంటే కిలో 180. పోనీలెండి, అందులో రెబ్బ రెబ్బకీ ఫొటో తీసుంటారు. కానీ ఫ్రీ డెలివరీ 199 దాటితేనే గదండీ, కాబట్టి నాకు ఉన్నపళంగా ఇంకో 190 రూపాయల అవసరం పుట్టాలి. పుట్టించుకున్నా. అగరొత్తులు 65, అంట్లు తోమే పీచు 50, ఎండు బఠాణీలు 78, మొత్తం 202. దాని మీద హ్యాండ్లింగ్ చార్జీ 12, అది మెంబర్‌కైనా తప్పదట. కరేపాకు ఖరీదు కంటే దాన్ని ముట్టుకున్న ఖరీదు ఎక్కువన్నమాట.

ఇరవయ్యారో నిమిషంలో కుర్రాడొచ్చాడు. అతన్ని ఏమీ అనను. మా బ్రాడీపేటలో అడ్రసు అంటే ముందు లైను, తర్వాత అడ్డరోడ్డు, 4/7 అంటే నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు, ఊళ్ళో చిన్నపిల్లాడికైనా తెలుసు, మీ మ్యాపుకి తెలీదు, అది పాపం అతన్ని ఏడో లైన్లోకి తోలింది. పక్కనే అరండల్‌పేటలో కూడా ఇవే నంబర్లుంటాయని తెలిస్తే మీ మ్యాపు ఏమైపోతుందో. చెమటలు కక్కుతూ సంచి చేతిలో పెట్టి "ఫైవ్ స్టార్ ఇవ్వండన్నా" అన్నాడు. అతనికి ఇచ్చా. అది మీకు కాదు.

సంచి తీస్తే అగరొత్తులున్నాయి. పీచుంది. బఠాణీలున్నాయి. కరేపాకు లేదు. స్టాక్ లేదంట!

అంటే దేనికోసం ఆర్డర్ పెట్టానో అదొక్కటీ తీసేసి, దానికోసం కొన్న చెత్తంతా భద్రంగా తెచ్చిచ్చారు. పెళ్ళికొడుకు రాలేదుగానీ బ్యాండుమేళం మాత్రం వచ్చిందండీ అన్నట్టు. 9 రూపాయలు వెనక్కిచ్చారు, కాదన్ను. ఎక్కడికి ఇచ్చారు? మీ వాలెట్‌లోకి. ఏడు రోజుల్లో వాడకపోతే పోతాయి. వాడాలంటే మళ్ళీ 199కి తక్కువ కాకుండా కొనాలి. నా తొమ్మిది రూపాయలు నేను తీసుకోవడానికి నేను రెండొందలు పెట్టాలా? ఏం లెక్కయ్యా ఇది, కాల్‌మనీ వడ్డీలవాడు కూడా ఇట్టా ఆడుకోడు!

క్షమించాలి, ఏకవచనంలోకి వెళ్ళా.

మావయ్య తిని "పులిహోర బానే ఉందిగానీ ఏదో తగ్గిందక్కయ్యా" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకి మీ కస్టమర్ కేర్‌లో ఏ ఆప్షనూ లేదు, వెతికా, 'వస్తువు రాలేదు', 'పాడైంది', 'ఇతరములు', అంతే.

ఇక్కడో మాట చెప్పాలి, సిగ్గుగానే ఉంది. ఆ టైముకి కరేపాకు మా సందు చివర్లోనే ఉంది. కూరగాయల బండి ఆమె దగ్గర, తడిపిన గోనెపట్టా మీద, ఇంత గుట్ట. ఎన్నేళ్ళుగానో ఆమె దగ్గర అరకిలో దొండకాయలు తీసుకుంటే సంచిలో నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరేపాకు రెబ్బ అడక్కుండానే పడేవి. కొసరు. దానికి 199 అక్కర్లా, వాలెట్ అక్కర్లా. మిమ్మల్ని కట్టుకున్నాక ఈ మూడు నెలల్లో ఆమె దగ్గర ఒక్క వంకాయ కొన్లేదు నేను. ముందు వారం ఎదురుపడితే "మీకు ఆన్‌లైన్లో వస్తన్నాయిగా సార్" అని నవ్వింది కూడా. ఇప్పుడు పోపు ఆగిపోయిందని ఒట్టి కరేపాకు కోసం ఆమె ముందు ఎట్టా నిలబడను? గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చా. మొహం చెల్లలా. మీ బిల్లులో 'మీరు ఆదా చేసింది' అని ఒక లైనుంటుందే, పోగొట్టుకున్నదానికి లైను లేదేం?

ఆ సాయంత్రమే మెసేజ్, మెంబర్‌షిప్ ఇంకో మూడు నెలలకి ఎల్లుండి ఆటోపేలో 299 నా ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుందని. కనీసం 24 గంటల ముందు చెప్పి కోయాలని ఆర్‌బీఐ రూలు ఉండబట్టిగానీ లేకపోతే చెప్పేవారా మీరు. సరే అని కూచుని లెక్కేశా. మూడు నెలల్లో 31 ఆర్డర్లు, ఒక్కోదానికి 30 డెలివరీ చార్జీ మిగిలింది కాబట్టి నేను 930 ఆదా చేశానని మీరు పూలదండలు, రంగుకాగితాలు ఎగరేసి మరీ చూపించారు. బాగుంది. కానీ మీరు రాకముందు నేను నెలకి రెండుసార్లు ఆర్డర్ పెట్టేవాణ్ణి. మూడు నెలలకి ఆరు, ఆరు ముప్పైలు 180. అంటే 180 మిగుల్చుకోడానికి 299 కట్టా. మిగతా 25 ఆర్డర్లు ఎక్కణ్ణించి వచ్చాయి? ఫ్రీ గదా అని వచ్చాయి. హ్యాండ్లింగే 372 అయింది.

అమ్మ అటక కింద అల్మారా తలుపు తీసి నిలబడింది, ఏమీ అన్లేదు. సేమియా ఆరు ప్యాకెట్లు, ఫినాయిల్ నాలుగు సీసాలు, మొక్క లేని పూలకుండీలు రెండు, ఒవెన్ లేని ఇంట్లో కేకు గిన్నె ఒకటి. అన్నీ 199 సంతానమే. తను మాత్రం షేర్ ఆటో ఎక్కి పట్టాభిపురం రైతుబజారుకి పోయి, బోర్డు మీద రేటు చదివి, తూకం చూసుకుని తెచ్చుకుంటుంది. 1999లో రైతుబజార్లు పెట్టినప్పట్నించీ అదే వరస, ఒక్కనాడూ కరేపాకు కోసం ఫినాయిల్ కొన్లేదు.

సరే రద్దు చేద్దామని మీ యాప్ తెరిస్తే ఆ బటన్ కోసం ఐదు పేజీలు తిరిగా, చివర్న దొరికింది, దాని మీద ఏం రాశారు? 'వద్దు, నాకు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు' అని. నేను అట్టా అన్నానా ఎప్పుడన్నా? ఇట్టాంటి మాయలు పదమూడు రకాలని కేంద్రం 2023 నవంబరు 30న లిస్టు కట్టి మరీ నిషేధించింది, మనిషిని సిగ్గుపరిచి కొనిపించడం అందులో ఒకటి, చందాలో ఇరికించి బయటకి దారి దొరక్కుండా చెయ్యడం ఇంకోటి, కొనని వస్తువు బుట్టలో దూర్చడం మరోటి. నువ్వు సిలబస్ అనుకుని చదువుకున్నట్టున్నావు. ఆ బటన్ నొక్కలేదు, యూపీఐ యాప్‌లోకి పోయి ఆటోపే మాండేట్, అంటే మీరు కోసుకోడానికి నేనిచ్చిన అనుమతి, పీకేశా. రెండు నొక్కుళ్ళలో అయిపోయింది.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఒక్కటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి మా పిల్ల పుస్తకాల సంచి సర్దుతూ సర్దుతూ "నాన్నా, రేప్పొద్దున చార్ట్ పేపర్ తీసుకెళ్ళాలి" అని నింపాదిగా చెప్పినప్పుడు, షాపులన్నీ షట్టర్లు దించేశాక, పద్నాలుగు నిమిషాల్లో తెచ్చిచ్చింది మీరే. రెండుసార్లు. ఆ రెండు రాత్రులూ మిమ్మల్ని దేవుడన్నా తప్పులేదు. ఇంకోసారి అవసరమొస్తే ముప్పై రూపాయలు చార్జీ కట్టి, ఒక్క చార్టే తెప్పించుకుంటా, పక్కన సేమియా లేకుండా.

సోమవారం పొద్దున బండి ఆమె కేక వినపడగానే కిందకి దిగా. అరకిలో బెండకాయలు, కిలో టమాటా తీసుకున్నా, బేరం కూడా ఆడలేదు. తూచింది, సంచిలో పోసింది. నేను సంచి మూతి తెరిచే పట్టుకుని నిలబడ్డా. ఆమె గోనెపట్టా మీంచి ఒక రెబ్బ తీసి, నీళ్ళు విదిలించి, సంచిలో వెయ్యకుండా చేత్తో పట్టుకుని "కరేపాకు ఐదు రూపాయలు సార్" అంది.

ఇచ్చా.

ఇట్లు,
మీ వాలెట్‌లో ఇంకో ఐదు రోజులు 9 రూపాయలు ఉండే
మాజీ మెంబర్