48 గంటల బలహీనత

మన ఓటరు మహా సున్నిత మనస్కుడని చట్టం గట్టిగా నమ్ముతోంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల పాటు ఒపీనియన్ పోల్ ఫలితాలను టీవీలో చూపించకూడదు. పోలింగ్ ముగింపు నుంచి వెనక్కి లెక్కిస్తే 49వ గంటలో మాత్రం అదే సర్వేను రంగురంగుల పటాలతో, అరడజను మంది విశ్లేషకుల కేకలతో రాత్రంతా ప్రసారం చేసుకోవచ్చు. అప్పటికింకా ఓటరు గుండె దిటవుగానే ఉంటుందనీ, గడియారం ముల్లు ఒక్క గడి జరగగానే జావగారిపోతుందనీ శాసనకర్తలు ఏ పరిశోధన చేసి తేల్చారో గానీ, వారి ఆదుర్దాను శంకించడం మన పని కాదు.

2009 సవరణతో వచ్చిన 126ఎ సెక్షన్ ఇంకా కరుణామయమైనది. దేశంలో తొలి విడత పోలింగ్ మొదలైనప్పటి నుంచి ఆఖరి విడత ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ బయటపెడితే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే 2024లో ఉభయ తెలుగు రాష్ట్రాల ఓటర్లు మే 13న వేలికి సిరా వేయించుకుని ఇళ్లకు చేరినా, వారేం చేశారన్నది జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా దేవరహస్యంగా ఉండిపోయింది. కారణం స్పష్టం. అనకాపల్లి అంకెలు ముందే బయటపడితే, పంజాబ్‌లో జూన్ 1న ఓటు వేయవలసిన గురుదాస్‌పూర్ రైతు చలించిపోయి గుర్తు మార్చుకునే ప్రమాదం ఉంది. అనకాపల్లిలో అన్న చెప్పిన పార్టీకి తమ్ముడు ఓటు వేయడన్న సంగతి చట్టం దృష్టికి వచ్చినట్టు లేదు.

సర్వేలు ఓటరును ప్రభావితం చేస్తాయా అన్న ప్రశ్నపై పండితులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. సర్వేలో ముందున్న వాడికే జనం వేస్తారనీ, ఓటు మురిగిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదనీ ఒక శిబిరం అంటుంది. వెనకబడిన వాడి మీద పాపం అనిపించి జనం అతడి వైపు మొగ్గుతారని రెండో శిబిరం వాదిస్తుంది. ఈ రెండు సిద్ధాంతాలూ సర్వే సంస్థలకు పెట్టని కోటలు. చెప్పినవాడు గెలిస్తే అది మా శాస్త్రీయత, ఓడిపోతే అది మా సర్వే చూసి జనం సానుభూతి చూపడం. రెండూ కుదరనప్పుడు వాడుకోవడానికి ‘అండర్ కరెంట్’, అంటే పైకి కనబడని గాలి, అనే మూడో మాట ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. ఆ కరెంటు ఫలితాలు వచ్చిన తర్వాతే విశ్లేషకులకు తగులుతుందన్నది వేరే సంగతి.

అదృష్టవశాత్తూ ఈ వివాదాన్ని తేల్చే ప్రయోగం ఒకటి మన గడ్డ మీదే జరిగింది. ఎన్నికల జోస్యాలతో ఆంధ్రా ఆక్టోపస్‌గా పేరుపొందిన మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్, 2018 తెలంగాణ ఎన్నికల పోలింగ్‌కు వారం ముందు తిరుపతిలో మాట్లాడుతూ, ఎనిమిది నుంచి పది మంది స్వతంత్రులు గెలుస్తారని ప్రకటించారు. సర్వే మాటకు ఓటరు లొంగేవాడే అయితే శాసనసభలో స్వతంత్రులకు ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించవలసి వచ్చేది. గెలిచింది ఒక్కరు. పోలింగ్ ముగిశాక ఆయన కాంగ్రెస్, తెలుగుదేశంల మహాకూటమికి 65 సీట్లు అటూ ఇటూ ఇస్తే, ఓటర్లు అప్పటికే టీఆర్‌ఎస్‌కు 88 ఇచ్చేసి కూర్చున్నారు. అసలు ఆక్టోపస్, జర్మనీలోని పాల్ అనే జలచరం, 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఎనిమిది మ్యాచ్‌లకు ఎనిమిదింటి విజేతనూ సరిగ్గా చెప్పింది. అది గాజు తొట్టిలో ఉండటం వల్ల విలేకరుల సమావేశం పెట్టలేకపోయిందన్న విషయాన్ని ఇక్కడ గమనించాలి.

నిజానికి ఇక్కడ దర్యాప్తు తిరగబడాలి. సర్వే ఓటరును ఏం చేస్తోందని అడిగేవారే గానీ, ఓటరు సర్వేను ఏం చేస్తున్నాడని అడిగే నాథుడు లేడు. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడొకడు మిట్టమధ్యాహ్నం ఊళ్లోకి వచ్చి, అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న పెద్దావిడను పలకరిస్తాడు.

“ఏ పార్టీకి వేస్తారమ్మా?”

“నువ్వెవరి తాలూకు బాబూ?”

“ఎవరి తాలూకూ కాదమ్మా, సర్వే.”

“సర్వేనే. పంపిందెవరని?”

హైదరాబాద్ నుంచి వచ్చామని కుర్రాడు అంటాడు. ఆవిడ అతడి మెడలోని కార్డును, బండి మీది స్టిక్కరును, చేతికున్న దారం రంగును ఒక్క చూపులో చదివేసి, పింఛను ఒకటో తారీఖున రావలసిన సంగతి కూడా గుర్తు చేసుకుని, “ఇప్పుడున్నాయనకే వేస్తాం, రాసుకో” అని గింజల పనిలో పడుతుంది. మర్నాడు ఇంకో కుర్రాడు వస్తే, అతడి దారం రంగును బట్టి ఇంకో జవాబు. ఈ జవాబులన్నీ హైదరాబాద్ చేరి, వయసు, కులం, ప్రాంతం వారీగా శుద్ధి పొంది, ప్లస్ ఆర్ మైనస్ మూడు శాతం తేడా ఉండొచ్చన్న అక్షింతలతో తెర మీదికి వస్తాయి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో గెలిచిన కూటమికీ ఓడిన పార్టీకీ మధ్య తేడా రెండు శాతం చుట్టుపక్కలే. అంటే ఒక ప్రభుత్వం మొత్తం ఆ ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య హాయిగా పడుకుని లేవగలదు. 2024లో మన రాష్ట్రంలో దాదాపు 40 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 175లో 11 సీట్లే దక్కాయి కాబట్టి, శాతం సరిగ్గా పట్టుకున్నవాడు కూడా సీట్ల దగ్గర జ్యోతిష్యుడి సాయం కోరక తప్పదు.

సర్వేల ప్రభావం బొత్తిగా లేదనడం మాత్రం అన్యాయం. మే 13కూ జూన్ 1కీ నడుమ వాట్సాప్‌లో తిరిగిన ‘అంతర్గత సర్వే’ల మీద గోదావరి జిల్లాల్లో పందెం రాయుళ్లు వేసుకున్న లెక్కలు వేరు. బొకేలు ఎవరి ఇంటికి పంపాలో తెలియక అధికారులు పడిన అవస్థ వేరు. జూన్ 1 ఎగ్జిట్ పోల్స్‌లో పలు సంస్థలు లోక్‌సభలో ఎన్డీయేకు 350కి పైగా సీట్లు ఇవ్వగా, 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగిరింది. 4న ఓట్ల లెక్కింపులో 293 దగ్గర ఆగేసరికి 4,300 పాయింట్లకు పైగా కూలింది. ఓట్లన్నీ ఈవీఎంలలో సీలు వేసి ఉన్నాయి గనుక ప్రజాస్వామ్యానికి ఏ హానీ జరగలేదు. చట్టం 48 గంటలూ కాపలా కాసింది ఓటరుకు; పడింది మాత్రం పెట్టుబడిదారు.

ఓటరు మీద సర్వే ప్రభావం తిరుగులేకుండా కనిపించే చోటు ఒక్కటుంది. ఏకపక్షం అని సర్వే చెప్పిన నియోజకవర్గంలో గెలిచేవాడు ఖర్చు తగ్గిస్తాడు, ఓడేవాడు ఇల్లు కదలడు. ‘హోరాహోరీ’ అని చెప్పిన చోట రాత్రికి రాత్రే ఓటుకిచ్చే నోట్ల కవరు బరువెక్కుతుంది. 2021 హుజూరాబాద్ ఉపఎన్నికలో పక్కవాళ్లకు అందిన కవరు తమకు అందలేదని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కారంటే, పోటీ బిగుసుకోవడం ఓటరు ఆదాయానికి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఎన్నికల సంఘానికి నా వినయపూర్వకమైన మనవి. ఆ 48 గంటల నిషేధాన్ని ఎత్తివేసి, సరిగ్గా ఆ గంటల్లోనే ప్రతి నియోజకవర్గానికీ ఒక సర్వే విడుదల కావాలనీ, అందులో ఇద్దరు ప్రధాన అభ్యర్థుల మధ్య తేడా అర శాతానికి మించి చూపరాదనీ నిబంధన తేవాలి. ఏ పార్టీ పట్లా పక్షపాతం లేని సవరణ ఇది. అభ్యర్థుల ఫైనాన్షియర్లు తప్ప దీనికి అడ్డు చెప్పేవారెవరూ ఉండరు.