పాట చెడేది ఎంపీత్రీ వల్ల కాదు

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎంపీత్రీ చేస్తే పాటలో 90 శాతం పోతుందట, ఆ ఖాళీలు పూరించుకోలేక మెదడు అలసిపోతుందట. డిజిటల్ శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుందట. అసలైన సంగీతం వినాలంటే ఎక్కువ వాట్ల స్పీకర్లు, ఖరీదైన వైర్లు కొనాలట. ఇది నమ్మి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో డబ్బు తగలేసుకుని వస్తున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఆ 90 శాతం సంగతి. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్లతో, ఎడమ కుడి రెండు ఛానెళ్లకూ కొలిచి రాస్తారు. లెక్కేస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు. 128 కిలోబిట్ల ఎంపీత్రీ అందులో 11వ వంతు. తగ్గింది డేటా. దాన్ని పాట తగ్గినట్టు చెప్పడం దగ్గరే మెసేజ్ దారి తప్పింది. పంజాగుట్టలో బస్సు హారన్ మోగుతుంటే పక్కనున్నవాళ్ల మాట వినపడదు కదా. అలాగే పెద్ద శబ్దం మోగే క్షణంలో, దానికి దగ్గరి శ్రుతిలో, అంటే దగ్గరి ఫ్రీక్వెన్సీలో, ఉన్న చిన్న శబ్దాలను చెవి పట్టుకోలేదు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఎంపీత్రీ కోసం వాడుకున్నది చెవికున్న ఈ గుణాన్నే. ఎన్‌కోడర్, అంటే ఎంపీత్రీ తయారుచేసే ప్రోగ్రామ్, శబ్దాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా విడదీస్తుంది. చెవికి అందని చోట కొలతను మోటుగా రాస్తుంది. దానివల్ల పుట్టే రొద పెద్ద శబ్దం చాటున ఉండిపోతుంది. ఆపైన జిప్ ఫైల్ లాగా, ఏమీ పోకుండా ఇంకొంత కుదిస్తుంది.

128 దగ్గర తేడా అసలు తెలియదని నేను అనను. తాళాలు, గజ్జెలు, చప్పట్లు వినండి. దెబ్బ పడడానికి రవ్వంత ముందే ఒక మసక చప్పుడు వస్తుంది, అంచు మొద్దుబారుతుంది. పాత ఎన్‌కోడర్లలో ఇది మరీ ఎక్కువ. 320కి వెళ్తే చాలామంది ఆ తేడా పట్టుకోలేరు. అనుమానముంటే ఒకే పాటను సీడీ ఫైలుగా, 320 ఫైలుగా పెట్టుకోండి. రెండింటి వాల్యూమ్ కచ్చితంగా సమానం చేయండి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. ఏది మోగుతోందో మీకు కనపడకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి. నిజంగా పాట పాడయ్యేది వీడియో నుంచి లాగిన ఆడియోను ఎంపీత్రీ చేసి, దాన్ని మళ్లీ ఇంకో ఫార్మాట్‌లోకి మార్చినప్పుడు. మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది. దాచుకోవాల్సిన రికార్డింగులు ఉంటే ఫ్లాక్ (FLAC) అనే ఫార్మాట్‌లో దాచండి, అందులో ఏదీ పోదు.

ఇక అలసట. కొత్త పాటలు కొన్ని వింటే తల వాచిపోతుందన్నది నిజమే, నాకూ అంతే. అయితే ఆ తప్పు మాస్టరింగ్‌లో, అంటే పాట విడుదలకు ముందు శబ్దానికి చివరి మెరుగులు దిద్దేటప్పుడు, జరుగుతోంది. అన్నిటికంటే మా పాటే గట్టిగా మోగాలన్న పోటీ 1990ల నుంచి ముదిరింది. గట్టి శబ్దాలను ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ పెట్టి మెత్తటి హమ్మింగ్‌నూ డప్పు దెబ్బనూ దాదాపు ఒకే ఎత్తుకు తెస్తున్నారు. చెవికి ఊపిరాడదు. ఆ పాటను సీడీలో విన్నా, ఫ్లాక్‌లో విన్నా అంతే. స్పాటిఫై లాంటివి మామూలుగా అన్ని పాటలనూ ఒకే స్థాయికి, సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), సర్ది వినిపిస్తున్నాయి. అంటే అంతలా నొక్కి గెలిచేది కూడా ఏమీ లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మెట్ల మాటకు జవాబు చిన్నది. సెకనుకు 44,100 కొలతలుంటే 22,050 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) లోపలి తరంగాన్ని పూర్తిగా తిరిగి కట్టొచ్చు. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1949లోనే గణితంతో చూపించాడు. మనిషి చెవి వినేది 20,000 దాకానే. ప్లేయర్‌లోని ఫిల్టర్ దాటి బయటికొచ్చే సిగ్నల్‌ను ఆసిలోస్కోప్‌లో, అంటే తరంగాన్ని గీతగా చూపే పరికరంలో, చూస్తే నున్నటి గీతే కనిపిస్తుంది.

వాట్ల విషయంలో జనం ఎక్కువ మోసపోతున్నారు. డబ్బా మీద 10,000 వాట్స్ పీఎంపీఓ (ఒక్క క్షణానికి వస్తుందని కంపెనీ చెప్పుకునే గరిష్ఠ పవర్) అని ఉంటుంది. దాని అడాప్టర్ తిప్పి చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే మొత్తం 24 వాట్లు. ఆ పెట్టె నిలకడగా అంతకు మించి ఇవ్వలేదు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (శబ్ద తీవ్రతకు కొలత). చెవికి రెండింతలు గట్టిగా తోచాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. అందుకే షాపులో సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్నది, ఎంత అని అడగండి. 91 డెసిబెల్స్ స్పీకర్‌కు 50 వాట్లిస్తే వచ్చే శబ్దానికి, 85 డెసిబెల్స్ స్పీకర్‌కు 200 వాట్లు పోయాలి.

బేస్‌కు పెట్టె ముఖ్యం. స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి కోన్ వెనక నుంచి వచ్చే గాలి అల ముందు అలను కొట్టేస్తుంది, దాన్ని ఆపడానికే పెట్టె. ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, దిగి అంతే గట్టిగా మోగాలంటే కోన్ నాలుగింతల గాలిని కదపాలి. ఏ కోన్‌కు ఎంత పెట్టె, రంధ్రం ఎంత అన్నది ఒకప్పుడు చాలావరకు చేసి చూసుకునే పని. ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజినీర్ 1961లో, తర్వాత 1970ల మొదట్లో స్మాల్ అనే ఇంకో ఇంజినీర్ దాన్ని లెక్కలోకి తెచ్చారు. ఇవాళ చిన్న స్పీకర్ కూడా నిండుగా మోగుతోందంటే ఆ లెక్కల పుణ్యం చాలా ఉంది. ఇంత చేసినా టైల్స్, గాజు తలుపులు తప్ప ఏమీ లేని మన ఫ్లాట్ హాల్లో శబ్దం గోడలకు కొట్టుకుని మాటలు చెదురుతాయి. మందపాటి కర్టెన్లు, ఒక కార్పెట్ వేసి చూడండి.

చివరగా వైరు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానూపోనూ కలిపి 10 మీటర్లకు సుమారు 0.12 ఓమ్ నిరోధం. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. ట్రూప్ బజార్‌లో దొరికే మామూలు రాగి వైరు చాలు. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం, వదిలేయండి.