వేలంలో పాడిన ధరే బోటు ధర కాదు

బ్యాంకులు సీజ్ చేసిన బోట్ల గురించి ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. అప్పు కట్టలేనివాళ్ల బోట్లను బ్యాంకులు వేలంలో పదో వంతు ధరకు వదిలించుకుంటాయట. ఫైబర్ బోటుకు కుళ్లు పట్టదు, ఇంజిన్ నడిచిన గంటలు తక్కువుంటే అది కొత్తదానితో సమానం అంటారు. బ్యాంకు అమ్మింది కాబట్టి కాగితాలకు ఢోకా ఉండదు. అసలు జాబితా లోపలివాళ్ల దగ్గరే ఉంటుంది, రుసుము కడితే పంపుతారు. ఏదీ కుదరకపోతే తిరిగి అమ్ముకున్నా లాభమే. విడివిడిగా చూస్తే కొన్ని మాటల్లో కాస్త నిజం ఉంది. అన్నీ కలిపి నమ్మిన మనిషి మాత్రం ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో, ఒక్కసారి కూడా తట్టి చూడని బోటుకు పాట పాడతాడు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు బ్యాంకు సంగతి. సీజ్ చేసిన బోటును ఊరికే ఉంచుకుంటే స్థలం అద్దె, బీమా, కాపలా ఖర్చు పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి బ్యాంకుకు తొందర ఉన్నమాట నిజమే. అంతమాత్రాన ఎంతకైనా ఇచ్చేస్తుందని కాదు. బోటు అమ్మగా వచ్చిన డబ్బు అప్పు తీసుకున్నవాడి ఖాతాలోంచి తగ్గాలి. అయినకాడికి అమ్మేస్తే రేపు అతను కోర్టుకెళ్లి అడగగలడు. అమెరికాలో దీనికి ఏకరూప వాణిజ్య స్మృతి 9వ అధికరణం ఉంది. తాకట్టు వస్తువును అమ్మే పద్ధతి, సమయం, చోటు అన్నీ వ్యాపార రీత్యా సమంజసంగా ఉండాలని, అప్పూ ఖర్చులూ పోగా మిగిలింది రుణగ్రహీతకే ఇవ్వాలని అది చెబుతుంది. అందుకే చాలా వేలాల్లో బయటికి చెప్పని కనీస ధర ఒకటి ఉంటుంది. పాట అక్కడిదాకా రాకపోతే "అమ్మకందారు ఆమోదానికి లోబడి" అని రాసుకుని మిమ్మల్ని ఇంటికి పంపిస్తారు.

ఇంకో సంగతి. ఆ వేలంలో మీ పక్కన కూర్చునేవాళ్లు పాత బోట్ల వ్యాపారులు, మెకానిక్‌లు, బోట్లను విప్పి విడిభాగాలు అమ్ముకునేవాళ్లు. వాళ్లు ముందురోజే వచ్చి చూసి వెళ్లారు. అందరూ ఒక ధర దగ్గర ఆగిపోయిన బోటును మీరు ఇంకాస్త పెంచి దక్కించుకుంటే, వాళ్లకు కనబడింది మీకు కనబడలేదేమోనని ఆలోచించాలి. పదో వంతు ధర అన్న మాటకు ఊపిరి పోసింది బహుశా 2008 ఆర్థిక సంక్షోభం. అప్పుడు అమెరికాలో సీజ్ అయిన బోట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి, కొనేవాళ్లు కరువయ్యారు. 2020 తర్వాత కోవిడ్ కాలంలో జనం బోట్ల మీద పడేసరికి పాతవాటి ధరలు కూడా పెరిగాయి. అప్పటి కథను ఇప్పటి ధరలకు అతికించడం తప్పు.

పాట ధర దగ్గరే లెక్క ఆపేయడం ఈ సందేశంలోని పెద్ద మోసం. ఊహకు ఒక లెక్క వేద్దాం. కొత్త బోటు ధర 100 అనుకోండి. అదే మోడల్ పదేళ్ల పాతది, నడుస్తున్న స్థితిలో, యజమాని దగ్గర 50కి దొరుకుతుంది. వేలంలో మీకు 30కి వచ్చింది. చాలా వేలాల్లో కొన్నవాడు కూడా కమిషన్ కట్టాలి. 10 శాతం అనుకుంటే 3. పన్ను, క్రేన్, రవాణాకు 5. బ్యాటరీలు, పంపులు, సర్వీసు, పోయిన పరికరాలకు 6. మొత్తం 44. సీజ్ చేస్తారని ముందే తెలిసిన మనిషి జీపీఎస్, రేడియో, ఒక్కోసారి ప్రొపెల్లర్ కూడా విప్పుకుని పోతాడు కాబట్టి పరికరాల ఖర్చును నేను ఊరికే చేర్చలేదు. యజమాని దగ్గర కొంటే నీళ్లలో నడిపి చూసి కొంటారు. ఇక్కడ ఆ అవకాశం లేకుండా మిగిలింది 6. ఇంజిన్‌లో ఒక్క పెద్ద లోపం దాన్ని మింగేస్తుంది.

"ఫైబర్‌కు కుళ్లు పట్టదు" అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, నిజమే. కానీ ఫైబర్ బోటు అంతా ఫైబర్ కాదు. ఎన్నో పాత బోట్లలో ఇంజిన్ బరువు మోసే వెనక పలక, అడుగున నిలువుగా వెళ్లే దూలాలు, నేల, అన్నీ ప్లైవుడ్‌తో చేసి పైన ఫైబర్ పొర కప్పినవే. డెక్ మధ్యలో బాల్సా అనే తేలికపాటి చెక్క ఉన్నవీ చాలా ఉన్నాయి. ఎవరో ఒక మేకు కోసం రంధ్రం వేసి సీలెంట్ సరిగ్గా పెట్టకపోతే చాలు, ఏళ్లపాటు నీళ్లు చుక్కచుక్కగా లోపలికి దిగుతాయి. పైన మెరుగు చెక్కుచెదరదు, లోపల చెక్క తడి బూడిదలా అయిపోతుంది. వెనక పలకను బాగుచేయాలంటే ఇంజిన్ దింపాలి, పొర కోయాలి, కుళ్లినదంతా తవ్వి కొత్త చెక్క పెట్టి మళ్లీ ఫైబర్ వేయాలి. పాత చిన్న బోటుకైతే ఆ కూలీ బోటు ధరనే దాటిపోవచ్చు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడుకీ తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట 'టక్' మని పొడిగా మోగుతుంది. కుళ్లినచోట, పొర విడిపోయినచోట 'దబ్' మని మొద్దుగా వినబడుతుంది. ఒక్కసారి ఆ తేడా చెవికి పట్టిందంటే మళ్లీ మరిచిపోరు. ఔట్‌బోర్డ్, అంటే వెనక పలకకు బయట తగిలించే ఇంజిన్ ఉంటే, దాని కాలు పట్టుకుని కిందికీ పైకీ ఊపండి, వెనక పలక కూడా దానితోపాటు కదిలితే అక్కడితో ఆపేయండి. చాలాకాలం నీళ్లలోనే ఉన్న బోటుకు అడుగున బొబ్బలు లేస్తాయి. నీళ్లు పైపూతను దాటి లోపలి రెసిన్‌తో కలిసినప్పుడు వచ్చేవి ఇవి. పొడిస్తే పులిసిన వెనిగర్ వాసన వచ్చే ద్రవం కారుతుంది. అక్కడక్కడా చిన్న బొబ్బలుంటే నేను భయపడను, అడుగంతా ఉంటే వదిలేస్తాను. బోటును పరీక్షించి నివేదిక ఇచ్చే అర్హత ఉన్న సర్వేయర్‌కు ఇచ్చే ఫీజు దండగ అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. తేమ మీటరుతో అతను గడిపే రెండు మూడు గంటలు ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకైన ఖర్చు.

ఇంజిన్ గంటల లెక్క కూడా తిరగేసి చదవాల్సిందే. పన్నెండేళ్లలో 90 గంటలే నడిచిన ఇంజిన్ అంటే ఎక్కువ కాలం ఊరికే పడి ఉన్న ఇంజిన్. వాడని ఇంజిన్‌లో రబ్బరు ఎండిపోతుంది, పెట్రోల్ జిగురు కడుతుంది, ఉప్పునీళ్లు తగిలినచోటల్లా తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఉప్పునీటితోనే చల్లబడే పెట్రోల్ ఇంజిన్లలో పొగ బయటికి పంపే ఇనుప భాగాలను తుప్పు లోలోపల తినేసి, చివరికి సిలిండర్‌లోకే నీళ్లు వస్తాయి. ఇక చలి ప్రాంతాల నుంచి వచ్చిన బోటు అయితే ఇంకో గండం ఉంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. శీతకాలానికి ముందు నీళ్లు వంపి ఉంచకపోతే ఇంజిన్ బ్లాక్ పగులుతుంది. వాయిదాలే కట్టలేని మనిషి ఆ చలికాలం మెకానిక్‌ను పిలిపించి ఉంటాడా? ఒక స్నేహితుడితో కలిసి నేను ఒక బోటు చూడడానికి వెళ్లాను. గంటల మీటరు 140 చూపిస్తోంది, పెయింట్ మెరుస్తోంది, అతను అప్పటికే మనసులో కొనేసుకున్నాడు. టార్చి వేసి బ్లాక్ పక్కన చూస్తే వెంట్రుకంత గీత, దాని కింద తుప్పు చార. ఆయిల్ గేజి తీసి చూస్తే పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. మేం వెళ్లిపోయాం. ఆ బోటు ఆ మధ్యాహ్నమే మంచి ధరకు పోయింది. కొన్నవాళ్లు ముందుగా చూడడానికి వచ్చినట్టు మాకు కనబడలేదు.

కాగితాలు. "బ్యాంకే అమ్మింది కదా" అన్న ధైర్యం చాలా ప్రమాదం. ఓడల చట్టంలో సముద్ర హక్కు అని ఒకటుంది. సిబ్బందికి బాకీపడిన జీతాలు, ప్రమాదం నుంచి కాపాడినందుకు ఇవ్వాల్సిన ప్రతిఫలం, ఢీకొన్న నష్టపరిహారం లాంటివి యజమానిని కాదు, నౌకనే అంటిపెట్టుకుని ఉంటాయి. యజమాని మారినా అవి పోవు. బ్యాంకు తన తాకట్టు హక్కుతో కోర్టు బయట అమ్మితే ఇలాంటి బాకీలు తుడిచిపెట్టుకుపోవు. నౌకను కోర్టు అరెస్టు చేసి, తన ఉత్తర్వు మీద వేలం వేస్తే మాత్రం పాత భారాలు నౌకను వదిలి, వచ్చిన డబ్బు మీదికి వెళ్తాయి. ఒక దేశపు కోర్టు అమ్మకాన్ని మిగతా దేశాలు గుర్తించడానికి 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఒక ఒప్పందాన్ని ఆమోదించిందంటే ఈ తేడా ఎంత బరువైనదో అర్థమవుతుంది. కాబట్టి అమ్మేది ఎవరని అడిగి ఊరుకోకండి, ఏ అధికారంతో అమ్ముతున్నారో అడగండి.

బోటు మీద ఉండే గుర్తింపు సంఖ్యను కాగితంలోని సంఖ్యతో అక్షరం అక్షరం పోల్చండి. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన బోట్లకు ఈ సంఖ్య తప్పనిసరి. సాధారణంగా వెనక పలక మీద కుడివైపు పైన ఉంటుంది. అక్కడ కొత్త పెయింటో, గీకిన గుర్తో కనబడితే ఆ బోటును వదిలేయండి. ఒకే యార్డులో సీజ్ చేసిన బోట్ల పక్కనే బీమా కంపెనీలు వదిలేసినవి కూడా పెడతారు. 2012లో శాండీ తుపానుకు 65,000కు పైగా బోట్లు దెబ్బతిన్నాయని అమెరికా బోటు యజమానుల సంఘం బోట్‌యూఎస్ అంచనా. అలా మునిగి తేలిన బోట్లు కడిగి తుడిచి మళ్లీ సంతకు వస్తుంటాయి. జాబితాలో 'సాల్వేజ్' (బాగా దెబ్బతిని బీమా కంపెనీ వదిలేసినది) అన్న మాట ఉందేమో చూడండి, సీట్ల కింద వైర్ల చివర్లలో పచ్చటి తుప్పు ఉందేమో చూడండి.

రహస్య జాబితా అంటూ ఏదీ లేదు. వేలం నడవాలంటే పాడేవాళ్లు రావాలి, రావాలంటే ప్రకటించాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ మార్షల్స్ సర్వీస్ చేసే జప్తు ఆస్తుల అమ్మకాలు కూడా బహిరంగంగా ప్రకటించేవే. జాబితాకు డబ్బు అడిగేవాడు మీకు అమ్ముతున్నది బోటు కాదు.

చివరి మాట, తిరిగి అమ్ముకోవచ్చన్నది. సొంత చేతులతో ఇంజిన్ విప్పగలిగి, ఫైబర్ పని తెలిసి, బోటు పెట్టుకోవడానికి సొంత చోటున్నవాళ్లు నిజంగానే లాభం చూస్తారు. వాళ్లకు కూలీ ఖర్చు లేదు. మిగతావాళ్లు పని పూర్తయ్యేదాకా అద్దె కడుతూ ఉంటారు. పాత బోటుకు బీమా చేయమంటే చాలా కంపెనీలు తాజా సర్వే అడుగుతాయి, అది లేకపోతే కొనేవాడూ వెనక్కి తగ్గుతాడు. ఇనుప పడవైతే కనీసం తుక్కుకి పోతుంది. ఫైబర్ బోటును తుక్కువాడు ముట్టుకోడు. ఎవరూ కొనని రోజున దాన్ని ముక్కలు చేసి తీసుకెళ్లడానికి ఎదురు డబ్బు ఇవ్వాల్సింది మీరే, ఆ ఖర్చు పాట పాడకముందే లెక్కలో రాసుకోండి.