దొంగతనం తాళానికి కొత్త ఫోన్ అక్కర్లేదు

ఫోన్లలో వాడే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ 15 వెర్షన్ మీద మీరు రాసిన కథనం బాగుంది కానీ, ‘ఫోన్ లాక్కుని పారిపోతే తనంతట తానే లాక్ అయిపోయే సదుపాయం కోసం కొత్త ఫోన్ కొనాల్సిందే’ అన్నట్టు రాశారు. అది నిజం కాదండీ. 2024 మేలో గూగుల్ ప్రకటించినప్పుడే చెప్పింది, ఇది ప్లే సర్వీసెస్ (ఫోన్‌లో వెనక నడిచే గూగుల్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా ఆండ్రాయిడ్ 10, ఆపై ఫోన్లకూ వస్తుందని. చేతిలోంచి ఒక్క ఉదుటున లాగి పరుగెత్తినా, బండి మీద దూసుకుపోయినా ఆ కుదుపును ఫోనే పసిగట్టి స్క్రీన్ లాక్ చేస్తుంది.

నిరుడు బస్టాపులో నిలబడి మ్యాప్ చూస్తుంటే వెనక నుంచి బైక్ మీద వచ్చి లాక్కెళ్లారు. ఫోన్ తెరిచే ఉంది! ఫోన్ పోయిన బాధ కన్నా, యూపీఐ యాప్ ఎక్కడ తెరుస్తారో అన్న టెన్షనే ఎక్కువ. బ్యాంకు వాళ్లకు ఫోన్ చేద్దామన్నా పక్కనున్నాయన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది.

నిజంగా ఆండ్రాయిడ్ 15 లేదా ఆపై వెర్షన్ కావాల్సింది ప్రైవేట్ స్పేస్ అనే సదుపాయానికి. యాప్‌లను విడిగా దాచి, వేరే తాళం వేసుకోవచ్చు. మా పిల్లాడు ఆటల కోసం ఫోన్ లాక్కుంటాడు కాబట్టి నాకైతే పనికొస్తుంది. ఒక్క మెలిక ఉంది. తాళం వేసి ఉన్నంతసేపు లోపలి యాప్‌లు ఆగిపోతాయి, నోటిఫికేషన్లు రావు. వాట్సాప్ అందులో పెట్టి, మెసేజ్‌లు రావట్లేదని కంగారు పడకండి.

నా ఫోన్ కంపెనీ ఇంకా 14 కూడా ఇవ్వలేదు, అది వేరే సంగతి.